సగం తెగిన గుట్టకు రెండో ఆధారం

ప్రపంచంలోని దీవుల మీద ఉన్న శిఖరాలన్నిటిలోకీ ఎత్తైనదానికి మా మేనత్త పేరు పెట్టించింది నేనేనని జర్మనీలో మేముండే కార్ల్స్‌రూహెలో చాలామంది తెలుగువాళ్ళు నమ్ముతారు. శిఖరం పేరు పుంచాక్ జయ. మా మేనత్త పేరు జయమ్మ. నేను చేసింది పటాల కంపెనీలో, పేర్ల విభాగంలో ఉద్యోగం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఉగాది పచ్చడి నాకుతున్నవాళ్ళకి నిదానంగా చెబితే నమ్మక ఏం చేస్తారు? "ఇండోనేషియా వాళ్ళు ఎలా ఒప్పుకున్నారు బాబాయ్?" అని ఒక కుర్రాడు అడిగాడు. "మా అత్త ఆవకాయ జాడీ పంపించిందిరా, ఇక మారుమాట్లాడలేదు" అన్నాను.

నాకు జయమ్మ అనే మేనత్త లేదు. ఉన్న ఒక్క మేనత్త పేరు వెంకటరత్నం. ఆవిడ తుని దాటి ఎక్కడికీ వెళ్ళలేదు.

కంపెనీ అచ్చు పటాల విభాగాన్ని మూసేసి, జుట్టు పూర్తిగా నెరవకముందే నన్ను ఇంటికి పంపింది. ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి, ఆ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇది జయమ్మత్త బాపతు కాదు. నేను అల్లిన కథల్లో చివరికి నేనే గెలుస్తాను. ఇందులో గెలవను. తేడా అలా గుర్తుపట్టండి.

ఉద్యోగం అసలు ఏమిటి

కొత్తవాళ్ళు నన్ను రెండే అడుగుతారు: ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, బ్లూ కార్డు వీసా ఎన్నాళ్ళకి వస్తుంది అని. ఆ రెండూ నాకంటే మీకే బాగా తెలుసు. మీకు తెలియనిది ఒకటుంది. కొండకి పేరు అతికించి ఉండదు. ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని, ఏ పేరు పెద్ద అక్షరాల్లో వేయాలో, ఏది చిన్న అక్షరాల్లో బ్రాకెట్లోకి తోయాలో, ఏది అసలు వేయనక్కర్లేదో తేలుస్తారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

పుంచాక్ జయనే తీసుకోండి. న్యూగినీ దీవి పడమటి సగంలో, ఇండోనేషియా పాలనలో ఉన్న వైపు, సున్నపురాయి కొండల వరసలో ఉంటుంది. భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన. ఎత్తు సుమారు నాలుగు వేల తొమ్మిది వందల మీటర్లు. దక్షిణంగా కిందికి దిగితే ఉక్కపోసే చిత్తడి అడవి, అది దాటితే సముద్రం. పైన మాత్రం మంచు. నాలుగు వందల ఏళ్ళ కింద ఒక డచ్చి నావికుడు ఓడలోంచి ఆ మంచుని చూసి, ఇంటికి వెళ్ళి చెప్పాడు. భూమధ్యరేఖ దగ్గర మంచేమిటని జనం నవ్వారు. ఎంతోకాలానికి అది నిజమని తేలాక శిఖరానికి ఆయన పేరే పెట్టారు. ముందు అబద్ధాలకోరు అన్నారు, తరవాత కొండంత గౌరవం ఇచ్చారు. ఈ రెండింటికీ మధ్య ఆయన ఎప్పుడో పోయాడు.

డచ్చివాళ్ళ పాలన పోయాక శిఖరానికి కొత్త దేశపు తొలి అధ్యక్షుడి పేరు వచ్చింది. ఆయన గద్దె దిగాక అదీ పోయి 'జయ' వచ్చింది. మన జయమే, గెలుపు. ఎవరి మీద గెలుపో పటంలో రాయరు. కొండ కింద పుట్టినవాళ్ళు మాత్రం మొదటినుంచీ నెమాంగ్‌కావి అంటున్నారు. తెల్ల బాణం అని అర్థమట. వాళ్ళని ఎవరూ అడగలేదు, అందుకే వాళ్ళ పేరు మారలేదు.

చెరపడం

ఈ పనిలో సగం రాయడం, సగం చెరపడం. ప్రతి కొత్త ముద్రణకీ ఉపగ్రహ చిత్రం తెరిచి, పుంచాక్ జయ పక్కనున్న మంచుమచ్చల అంచులని కొంచెం లోపలికి జరిపేవాడిని. మొదటిసారి ఇదేదో పొరపాటనుకుని ఫ్రావు హాగెడోర్న్ దగ్గరికి వెళ్ళాను. మా పేర్ల విభాగానికి పెద్ద ఆవిడే; ఇక్కడ ఆడవాళ్ళని ఫ్రావు అని, మగవాళ్ళని హెర్ అని పిలుస్తారు, మన 'గారు'లాగా. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ మడత చెడని మనిషి.

"పొరపాటు కాదు హెర్ రావు. కరిగింది. జరపండి" అంది.

ఆ మంచుగడ్డల్లో కొన్నిటికి పేర్లుండేవి. ఒకటి పూర్తిగా పోయిన ఏడాది, దాని పేరు మీద మౌస్ పెట్టి చాలాసేపు కూర్చున్నాను. కొట్టేస్తే అది చచ్చిపోయిందని నేనే సంతకం పెట్టినట్టు. ఉంచితే పటం అబద్ధమాడినట్టు. ఆవిడ వెనకనుంచి వచ్చి, నా చేతిలోంచి మౌస్ తీసుకుని, తనే కొట్టేసింది.

"ఉన్నదే వేయాలి. ఉంటే బాగుండునని మనం అనుకునేది కాదు" అంది. గొంతులో కోపం లేదు. దుఃఖం ఉందేమో, అప్పట్లో నాకు ఆ మడతల వెనక కనిపించలేదు.

ఉచ్చులు

పటాల కంపెనీలకి ఒక పాత అలవాటుంది. ఎవరైనా మన పటాన్ని దొంగచాటుగా కాపీ కొడితే పట్టుకోవడానికి, మనిషి అడుగుపెట్టని చోట ఏ వాగు మలుపుకో, బోడిగుట్టకో లేని పేరు ఒకటి కల్పించి పెడతారు. మన పటంలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేని పేరు అవతలివాడి పటంలో కూడా కనిపించిందంటే దొంగ దొరికినట్టే. మా ఆఫీసులో దాన్ని ఫాలె అనేవారు, అంటే ఉచ్చు.

మా డైరెక్టరు హెర్ ఫోగ్ట్. మంచి బొజ్జ, అంతకంటే మంచి నవ్వు. ఎండాకాలం తాండవ నది ఎండిపోతే మా తుని చేపలు సైకిళ్ళెక్కి కాకినాడ వెళ్ళిపోతాయని ఒక శుక్రవారం బీరు దగ్గర చెప్పాను. సోమవారం పిలిపించాడు. "రావూ, ఇకనుంచి ఉచ్చులన్నీ నువ్వే పెట్టు. ఇంత సహజంగా అబద్ధమాడే మనిషి మళ్ళీ దొరకడు" అన్నాడు. నా అసలు ప్రతిభకి జీతమిచ్చిన మనిషి జీవితంలో ఆయనొక్కడే. ఆ తరవాత బోర్నియోలో ఒక వాగు వంకకి మా బావమరిది పేరు, సులవేసిలో ఒక గుట్టకి మా ఇంటి ఓనరు పేరు పెట్టాను. ఉచ్చుకి ఆధారాలు ఎవరూ అడగరు. అబద్ధమని అందరికీ తెలిసిన దానికి ఆధారమెందుకు?

పిల్లలూ, ఈ అలవాటు మీకూ ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. సరదాగా ఉంటుంది, నేను కాదనను. కాని మనిషి అడుగుపెట్టని చోటు అని మేం అనుకున్నవన్నీ మేం అడుగుపెట్టని చోట్లు, అంతే. అక్కడ ఎవరున్నారో, ఆ గుట్టని ఏమని పిలుచుకుంటున్నారో మాకు తెలియదు.

రెండు ఆధారాలు

ఉచ్చుకి ఆధారం అక్కర్లేదు గాని, నిజమైన పేరుకి రెండు కావాలి. రెండూ రాతలో ఉండాలి, ఒకదాన్ని చూసి రెండోది రాసి ఉండకూడదు. అది ఫ్రావు హాగెడోర్న్ సూత్రం. మంచి సూత్రం. దానివల్ల మా పటాల్లోకి ఎంత చెత్త చేరకుండా ఆగిందో నాకు తెలుసు. మీరూ పాటించండి. అయితే ఆ సూత్రం ముందు కూర్చుని ఓడిపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన సంగతి కూడా వినండి.

న్యూగినీ కొండల పెద్ద పటం మేం కొత్తగా చేస్తున్న రోజులవి. ఒక ముసలాయన వచ్చాడు. పేరు యోసెఫ్. పుంచాక్ జయకి దక్షిణపు లోయల్లో పుట్టినవాడు. కూతురు ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. తల్లి పోయాక తండ్రిని తన దగ్గరికి తెచ్చుకుంది. ఈ దేశంలో టెర్మిన్, అంటే ముందే తీసుకున్న అపాయింట్‌మెంటు, లేకుండా ఏ ఆఫీసు గడపా తొక్కకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేరుగా వచ్చి రిసెప్షన్‌లో కూర్చున్నాడు. నన్నూ ఫ్రావు హాగెడోర్న్‌నీ పిలిచారు.

ఆయన జర్మన్ మాటలు ఒక్కోటి ఏరుకుంటూ మాట్లాడేవాడు. నేను మన మాటల్లో పెడుతున్నాను.

"మా అమ్మ నన్ను కన్న గుట్ట మీ పటంలో ఉంది. పేరు లేదు. పేరు వేయండి."

మా పాత పటం మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడొక పెద్ద గని ఉంది. గొయ్యి అంచున సగం తెగిన గుట్ట. మా పటంలో అది గోధుమరంగు గీతలు నాలుగు, అంతే.

"ఈ సగం కూడా తవ్వేస్తారు. ఈలోగా వేయండి" అన్నాడు. పేరు చెప్పాడు. దాన్ని నేనిక్కడ రాయడం లేదు. మధ్యలో ఒక హల్లుంది, అది తెలుగులో లేదు, జర్మన్‌లోనూ లేదు. రాతలో పెడితే ఏమైందో ముందు ముందు చెబుతాను.

"ఈ పేరు మీకెవరు చెప్పారు?" అంది ఫ్రావు హాగెడోర్న్, కలం తీసి.

"మా అమ్మ."

"ఇంకెవరైనా?"

"మా మేనమామ."

"ఎక్కడైనా రాసి ఉందా?"

"అమ్మకి రాయడం రాదమ్మా."

"మేనమామకి?"

"ఆయనకి వచ్చు. చర్చిలో రాసేవాడు. కాని అందరికీ తెలిసినదాన్ని ఎవరు రాసుకుంటారు? మీ వంటింటిని ఏమంటారో మీరెక్కడైనా రాసుకున్నారా?"

ఆవిడ కలం మూసింది. "నన్ను క్షమించండి. మాకు రెండు ఆధారాలు కావాలి."

"నేనొకటి" అన్నాడు ముసలాయన లేస్తూ. "రెండోది వెతుకుతాను."

నెలకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఆవిడ అదే అడిగేది, "దొరికిందా?" అని. ఒకసారి, "ఒకాయన ఉండేవాడు. ఊరు నుంచి కబురొచ్చింది, పోయాడట" అన్నాడు. ఇంకోసారి, "ఒకావిడ ఉంది, కాని ఆవిడకి ఇప్పుడు తన పేరే గుర్తులేదు" అన్నాడు. ఆయన వచ్చే రోజు తెలిసిపోయి, ఆవిడ వీధి మొగలోని బేకరీ నుంచి కేకు తెచ్చి పెట్టడం మొదలెట్టింది. ఆధారం మాత్రం అడగడం మానలేదు.

ఒకరోజు నేనే అడిగాను, ఒక్క గుట్ట కోసం ఎందుకింత తిరుగుతున్నావని.

"మా అమ్మాయిని చిన్నప్పుడే చదువుకని కిందికి పంపేశాను. పేరు చెవిన పడింది గాని గుట్ట చూపించలేదు. చూపిద్దామనుకునేలోపు గనివాళ్ళు దారి మూసేశారు. నేను పోతే ఆ పేరు ఎక్కడిదో చెప్పే నోరు లేదు. ఎక్కడిదో తెలియని పేరు పేరు కాదు, ఉత్త శబ్దం" అన్నాడు కేకు ముక్క చేత్తో పట్టుకుని.

ఆవిడ పెట్టిన ఉచ్చు

పటం అచ్చుకి వెళ్ళే వారం ఫ్రావు హాగెడోర్న్ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"హెర్ రావు, ఈ షీటుకి ఉచ్చు నేను పెడతాను."

"మీరా? మీకు అబద్ధం రాదు కదా!"

"రాదు" అంది. "అందుకే నేను పెడతానంటున్నాను."

సాయంత్రం ఫైలు తెరిచి చూస్తే గొయ్యి అంచున సగం తెగిన గుట్ట పక్కన ముసలాయన చెప్పిన పేరు ఉంది. ఉచ్చుగా గుర్తు పెట్టి ఉంది. రెండు ఆధారాలు లేవు కాబట్టి నిజంగా వేయడానికి లేదు. అబద్ధంగా వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళు సూత్రాన్ని కాపలా కాసిన మనిషికే దాని కంత ఎక్కడుందో తెలుస్తుంది.

ట్రాము స్టాపులో ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది. "చూశాను" అన్నాను.

"చూస్తారని తెలుసు." నన్ను చూడకుండానే మాట్లాడింది. "మా అమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు పోలెండులో ఉంది. యుద్ధం తరవాత అక్కడివాళ్ళందరినీ పంపేశారు, ఊరికి కొత్త పేరొచ్చింది. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మ అడిగింది, పాత పేరు బ్రాకెట్లోనైనా వేయవే అని. చిన్న ఊరు. రెండు పేర్లకి చోటు లేదు. ఇప్పుడక్కడ ఉంటున్నవాళ్ళు పిలిచే పేరే వేయాలి. అదే వేశాను."

"ఇప్పుడైతే?"

"ఇప్పుడూ అదే వేస్తాను. అది తప్పు కాదు." ట్రాము వచ్చి ఆగింది. మెట్టు మీద కాలు పెట్టి అంది, "కాని అమ్మ ఆ తరవాత నేను చేసిన ఏ పటమూ తెరిచి చూడలేదు."

పటం వచ్చాక ముసలాయన్ని పిలిచింది. ఆయన బల్ల మీద పరిచిన కాగితాన్ని వేలితో తడుముకుంటూ, లోయల వెంబడి పైకి వెళ్ళి, పేరు దగ్గర ఆగాడు. వేలు ఎత్తలేదు.

"రెండో ఆధారం దొరికిందా అమ్మా?"

"దొరికింది" అంది ఫ్రావు హాగెడోర్న్. ఖాళీ కప్పు తీసుకుని, కాఫీ తెస్తానని లేచి వెళ్ళిపోయింది. ఆవిడ నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. చాలా నాసిరకంగా చెప్పింది. నేనైతే నమ్మించేవాడిని.

ఆవిడ ఆ వేసవికి రిటైరైంది. తరవాతి చలికాలంలో పోయింది. సమాధి దగ్గర మేం కొద్దిమందిమి. ముసలాయన కూతురి కోటు కప్పుకుని వచ్చి, అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు.

ఉచ్చు పడింది

సాదియా మా విభాగంలోకి ఆ తరవాత వచ్చింది. హైదరాబాదు మెహదీపట్నం పిల్ల, జర్మనీలోనే జార్‌బ్రూకెన్‌లో చదువుకుంది. ఆఫీసులో నేను నోరారా తెలుగు మాట్లాడగలిగిన ఒకే మనిషి. ఇతర కంపెనీల పటాలని మా పటాలతో పోల్చి చూసే పని ఆమెకిచ్చారు. ఒక ఉదయం కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చింది.

"అంకుల్, ఇగో చూడున్రి! మన ఫాలెల ఒకటి పడ్డది! నా ఫస్ట్ క్యాచ్!"

చూశాను. ఉత్తర జర్మనీలోని ఇంకో కంపెనీ పటం. మా న్యూగినీ షీటుని ఉన్నదున్నట్టు ఎత్తేసుకున్నారు. ముసలాయన గుట్ట పేరుతో సహా. పిల్ల ముఖం వెలిగిపోతోంది.

ఫోగ్ట్ ఆనందానికి అంతు లేదు. మధ్యాహ్నానికి సెక్ట్ సీసా, అంటే ఇక్కడి షాంపేను, తెరిచాడు. లాయరుకి కావలసింది ఒక్క కాగితమేనట: ఈ పేరు కల్పితం, భూమ్మీద ఎక్కడా లేదు, మేమే పెట్టాం అని. "ఉచ్చులు పెట్టేది నువ్వే కదా, సంతకం పెట్టు" అని నా ముందుకి తోశాడు.

నేను పెట్టనన్నాను. తలుపు మూసి, ఉన్నది ఉన్నట్టు అంతా చెప్పాను. ముసలాయన, కేకులు, ట్రాము స్టాపు, సమాధి.

ఫోగ్ట్ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. "రావూ, ఇది మీ చేపల సైకిళ్ళని మించిపోయింది! హాగెడోర్న్! హాగెడోర్న్ మోసం చేసిందా!"

"కథ కాదు."

నా ముఖం చూసి నవ్వు తగ్గించాడు. "సరే, నిజమే అనుకుందాం. రెండో ఆధారం చూపించు."

"హాగెడోర్న్ ఉంటే..."

"లేదు కదా. ఇక మిగిలింది ఒక ముసలాయన మాట."

"నేనున్నాను."

"నువ్వు?" చాలా ప్రేమగానే అన్నాడు. "నువ్వు ఇన్నేళ్ళుగా నా దగ్గర అబద్ధాలకి జీతం తీసుకుంటున్న మనిషివి."

ఆయన కలం తీసుకుని తనే సంతకం పెట్టాడు. ఫోగ్ట్ దుర్మార్గుడని మీరనుకోకండి. మా అమ్మ పోయినప్పుడు నాకు సెలవడగకుండానే టికెట్టు తీయించిన మనిషి. కాని ఆ పేరు నిజమైతే కేసు పోతుంది. అబద్ధమైతే గెలుస్తాం. ఏది నిజమైతే తనకి నష్టమో దాన్ని మాత్రం జాగ్రత్తగా పరీక్షించి, లాభమైనదాన్ని నవ్వుతూ ఒప్పుకునే బాసులు మీకు చాలామంది తగులుతారు. మంచివాళ్ళలోనే ఎక్కువ తగులుతారు.

అవతలివాళ్ళు కోర్టుదాకా రాకుండా రాజీకి వచ్చారు. బయటపడ్డ ఉచ్చు ఇక పనికిరాదు. లేని పేరని తేలినదాన్ని పటాల కంపెనీల వాళ్ళు ఒకరికొకరు తెలియజేసుకుంటారు, ఇంకెవరూ పొరపాటున వేయకుండా. మా పటంలోంచి తీసేసే పని సాదియాకి వచ్చింది.

"అంకుల్, నిజం చెప్పున్రి. ఇది గూడ జయమ్మత్త టైపేనా?"

"కాదమ్మా."

తెర మీది పేరు దగ్గరికి మౌస్ జరిపింది. "నేను డిలీట్ కొట్టకుంటే ఇంకొకలు కొడ్తరు. నా ప్రోబెట్సైట్ ఇంకా అయిపోలే, పర్మనెంట్ గాలే."

"తెలుసు. కొట్టు."

"మీరు పైన చెప్పొచ్చు గదా?"

"చెప్పాను."

"మళ్ళ?"

"నవ్వారు."

పేరు వెనక కొత్త ఉపగ్రహ చిత్రం తెరిచి ఉంది. గుట్ట మిగతా సగం కూడా అందులో లేదు. గొయ్యి అంచు అక్కడిదాకా జరిగింది. ఉన్నదే వేయాలి. సాదియా కొట్టింది. మధ్యాహ్నం ఆమె వేరే బల్లకి వెళ్ళి కూర్చుంది. ఇద్దరం ఎవరి డబ్బా వాళ్ళు తెరుచుకుని అన్నం తిన్నాం. ఆమె తప్పేమీ లేదు. ఆ వయసులో, ఆ వీసా మీద నేనూ కొట్టేవాడినే.

చివరి స్టాపు

ముసలాయనకి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే ఏ రోజో మనవరాలు ఫోనులో వెతికి, తాత దగ్గర కూర్చుని, "ఓపా, ఇది ఉత్తుత్తి పేరంట" అని చదివి వినిపిస్తుంది.

వాళ్ళ ఇల్లు ట్రాము చివరి స్టాపులో. దారిలో కథలు సిద్ధం చేసుకున్నాను. కొండ పేర్లన్నీ కొత్త పద్ధతిలోకి మారుస్తున్నారని ఒకటి. కాగితం కొరత వచ్చి చిన్న పేర్లు తీసేశారని ఒకటి. చాలా బాగా కుదిరాయి. ఫ్రావు హాగెడోర్న్ కంటే ఎన్నో రెట్లు బాగా చెప్పగలను.

తలుపు ఆయనే తీశాడు. నడవాలో, చెప్పుల స్టాండు పైన, అద్దం కట్టించిన మా పటం. కళ్ళు దాని మీద పడ్డాక నా కథలు ఒక్కటీ నోటికి రాలేదు. అక్కడే నిలబడి, కోటు కూడా విప్పకుండా, మొత్తం చెప్పేశాను. ఉచ్చు అంటే ఏమిటో కూడా చెప్పాను.

ఆయన గోడకి చేయి ఆనించి విన్నాడు.

"ఆవిడ రెండో ఆధారం దొరికిందంది కదా?"

"దొరకలేదు పెద్దయ్యా. అబద్ధం చెప్పింది."

"నాకు తెలుసు. చెప్పేటప్పుడు నన్ను చూడలేదు, కప్పుని చూసింది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"పేరు వేసింది కదా. ఎందుకు వేసిందో ఆవిడ సంగతి." పటం వైపు తిరిగి అడిగాడు, "నిజమని నువ్వు వాళ్ళకి చెప్పావా?"

"చెప్పాను. నమ్మలేదు."

"గుట్ట?"

ఇది అడగడనుకున్నాను. "మిగతా సగం కూడా పోయింది."

లోపల ఎక్కడో బట్టలు ఉతికే మిషను తిరుగుతోంది. ఆయన పటం అద్దాన్ని చేత్తో ఒకసారి తుడిచాడు.

"గుట్ట తీసేటప్పుడు నాతో చెప్పడానికి ఎవరూ రాలేదు" అన్నాడు. "పేరు తీసేశారని చెప్పడానికి నువ్వు ఇంత దూరం వచ్చావు. కోటు తియ్యి. లోపలికి రా."

టీ పెట్టాడు. తరవాత నన్ను నడవాలోకి తీసుకెళ్ళి పటం ముందు నిలబెట్టి, ఆ పేరు పలకమన్నాడు. పలికాను. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ పలికాను. "కాదు. నాలుక వెనక్కి." ఇంకోసారి. "కాదు. గాలి బయటికి రానియ్యకు." కూతురు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా పక్కన నిలబడి తనూ పలికింది. ఆమెకీ సరిగ్గా రాలేదు. ఆ సాయంత్రానికి నాకు వచ్చింది. "అదీ" అన్నాడు. భుజం తట్టాడు.

"ఎవరికైనా చెప్పు."

"నేను చెబితే ఎవరూ నమ్మరు పెద్దయ్యా. నవ్వుతారు."

"నమ్మక్కర్లేదు" అన్నాడు. "పలికితే చాలు."

ఆయన ఆ ఏడాది చలి దాటలేదు. కూతురు పటాన్ని గోడ మీదే ఉంచింది.

నేను చెబుతూనే ఉన్నాను. కథ చెప్పమని అడిగిన ప్రతిచోటా ఇదే చెబుతున్నాను. పుట్టినరోజుల్లో, బతుకమ్మ దగ్గర, కిటా అనే పసిపిల్లల బడి బయట పిల్లల కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల మధ్య. పెద్దవాళ్ళు నవ్వి, బాగుంది బాబాయ్ అంటారు. పిల్లలు ఆ పేరు పట్టుకుని నాలుక మడిచి ఒకరినొకరు వెక్కిరించుకుంటూ పలుకుతారు. మధ్య హల్లు ఒక్కడికీ రావడం లేదు. "కాదు, నాలుక వెనక్కి" అంటూ దిద్దుతుంటాను.

ఈమధ్య ఒక పాప, "మరి నువ్వు ఇందాక ఇంకోలా అన్నావు కదా తాతా?" అంది. జర్మన్‌లో అంది, నవ్వకుండా. ఇంటికొచ్చి ఒక్కణ్ణే కూర్చుని రెండు రకాలుగానూ పలికి చూసుకున్నాను. ఆయన "అదీ" అన్నది ఏ రకానికో నాకు తెలియలేదు.